గాబ్లిన్ పేజీ కింద ఆ లైన్ ఎందుకు పెట్టామంటే

మా తెలుగు గేమ్ వికీలో గాబ్లిన్ అనే రాక్షసుడి పేజీ కింద, అది ఎక్కడిది, ఏ లైసెన్స్ అని ఒక లైన్ ఉంటుంది, అది ఎందుకు పెట్టామో చెప్తాను. మా ఆదివారం గ్యాంగ్ డి అండ్ డి (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) ఆడేది పూర్తిగా తెలుగులోనే, కానీ ఏదైనా రూల్ డౌట్ వస్తే మాత్రం ఇంగ్లీష్ పీడీఎఫ్ తెరవాల్సిందే, కొత్తగా వచ్చినవాళ్లు సరిగ్గా అక్కడే ఆగిపోతున్నారు. అది చూసి చూసి, మనమే తెలుగులో ఒక వికీ పెట్టేద్దాం అనుకుని మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేశాం. అనువాదం కష్టమవుతుందేమో అని భయపడ్డాను, తీరా చూస్తే అసలు ఏది రాయొచ్చు ఏది రాయకూడదు అన్న దగ్గరే మొదటి నెలంతా గడిచిపోయింది.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను. 2000లో డి అండ్ డి మూడో ఎడిషన్‌తో పాటు, దాని రూల్స్ ఇతరులూ వాడుకునేలా ఓపెన్ గేమ్ లైసెన్స్ (ఓజీఎల్) వచ్చింది, ఇరవై ఏళ్లకు పైగా ఎంతోమంది చిన్న పబ్లిషర్లు దాన్ని నమ్ముకునే పుస్తకాలు వేసుకున్నారు. 2023 జనవరిలో ఆ పాత లైసెన్స్ ఇక చెల్లదనే కొత్త డ్రాఫ్ట్ లీకైంది, పాతదాని 9వ సెక్షన్‌లో 'ఆథరైజ్డ్' (అనుమతి ఉన్న) వెర్షన్ వాడొచ్చు అని ఒక మాట ఉంటుంది, గొడవంతా దాని చుట్టూనే. ఆడేవాళ్లు, పుస్తకాలు వేసేవాళ్లు అందరూ గట్టిగా ఎదురు తిరిగారు, అదే నెల 27న ఆట వేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వెనక్కి తగ్గి ఎస్ఆర్‌డి 5.1 (ఇతరులు వాడుకోవడానికి ఇచ్చే రూల్స్ పత్రం) మొత్తాన్ని, దాదాపు 400 పేజీలు, సీసీ బై 4.0 (పేరు చెప్పి ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్స్) కింద ఇచ్చేసింది. ఈ లైసెన్స్ ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. మా వికీ నిలబడింది ఈ ఒక్క మాట మీదే.

అయితే ఈ ఎస్ఆర్‌డి 5.1 అంటే ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (ఆట అసలు రూల్స్ పుస్తకం) మొత్తం అనుకుంటారు చాలామంది, కాదండీ. 12 క్లాసులూ (పాత్ర చేసే పని) ఉంటాయి గానీ ఒక్కోదానికి ఒక్క సబ్‌క్లాసే (అందులో ప్రత్యేక శాఖ), క్లెరిక్‌కి లైఫ్ డొమైన్ ఒక్కటే, బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వ జీవితం) అకొలైట్ ఒక్కటే, ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) కూడా గ్రాప్లర్ ఒక్కటే. మంత్రాల్లో ఇంకో చిక్కుంది, పుస్తకంలో 'బిగ్బీస్ హ్యాండ్' అని ఉన్నది ఎస్ఆర్‌డిలో 'ఆర్కేన్ హ్యాండ్', 'మెల్ఫ్స్ యాసిడ్ యారో' ఉత్త 'యాసిడ్ యారో'. అందుకే పేజీ మొదలుపెట్టేముందు ఎస్ఆర్‌డి పక్కన పెట్టుకుని పేరు సరిచూడాలి, జ్ఞాపకం మీద రాస్తే దొరికిపోతాం. రాక్షసుల్లో ఔల్‌బేర్ ఉంది, హాయిగా రాసుకోవచ్చు, బిహోల్డర్ లాంటివి ఆ రాక్షసుల జాబితాలో లేవు కాబట్టి మన వికీలో కుదరవు.

మావాడొకడు ఎంతో ఇష్టంగా రాత్రంతా కూర్చుని వేరే పబ్లిషర్ పుస్తకంలోంచి ఇరవై రాక్షసుల్ని ఎక్కించాడు. అది ఓజీఎల్ పుస్తకమే, కాకపోతే పేర్లన్నీ 'ప్రొడక్ట్ ఐడెంటిటీ' (వేరేవాళ్లు వాడకూడనివి) అని ముందు పేజీలోనే రాసుకున్నారు, అంటే నంబర్లు వాడుకోవచ్చు పేరు వాడకూడదు. పైగా ఓజీఎల్ సరుకు తీసుకుంటే లైసెన్స్ మొత్తం కాపీ పెట్టాలి, 15వ సెక్షన్‌లో ఆ పుస్తకం, అది ఎవరి దగ్గర తీసుకుందో ఆ పుస్తకం, దాని ముందుది, అన్ని కాపీరైట్ నోటీసులూ వరసగా దించాలి. ఇరవై పేజీలూ తీసేశాం. వాడు ఏమీ అనలేదు గానీ నాకు ఆ రోజు చాలా బాధేసింది, ముందే నియమం రాసి పెట్టుంటే వాడి కష్టం పోయేది కాదు కదా.

ఆ తర్వాతే ప్రతి పేజీ కింద ఒక మూస పెట్టాం (తెలుగు వికీపీడియాలో టెంప్లేట్‌ని మూస అంటారు, మాకూ అదే అలవాటైంది). ఎక్కడిది, ఏ లైసెన్స్, ఏం మార్చాం అని మూడు ముక్కలు. మార్పులు చేశామని చెప్పాలని సీసీ బైలోనే ఉంది, అనువాదం అంటే మార్పే కాబట్టి అదీ రాస్తాం. ఎస్ఆర్‌డికి అయితే వాళ్లిచ్చిన వాక్యమే యథాతథంగా, విజార్డ్స్ గురించి అంతకు మించి ఇంకే క్రెడిట్ వేయొద్దని వాళ్లే అడిగారు. మూస లేని పేజీ దానంతటదే ఒక వర్గంలోకి (పేజీల జాబితాలోకి) పోతుంది, శనివారం ఒకరు కూర్చుని ఆ వర్గం ఖాళీ చేస్తారు.

బేసిక్ ఫాంటసీ అనే ఇంకో ఆట నాలుగో ఎడిషన్ సీసీ బై-ఎస్ఏ 4.0లో (మార్చినదాన్నీ అదే లైసెన్స్‌లో పంచాలి అనేది) ఉంది, దాన్నీ తెద్దామని ఉంది. కానీ దాన్ని ఎస్ఆర్‌డి పేజీలో కలిపామంటే ఆ పేజీ మొత్తం బై-ఎస్ఏ అయిపోతుంది, మళ్లీ విడదీయలేం, అందుకే దానికి విడి పేజీలే. నాన్ కమర్షియల్ అని ఉన్నవి అసలు ముట్టుకోవట్లేదు, ఎవరైనా మా తెలుగు రూల్స్ అచ్చువేసి ఊళ్లో అమ్ముకుంటానంటే అమ్ముకోగలగాలి.

ఇక మాటల సంగతి, అంటే పాత్రకుండే ఆరు గుణాల పేర్లకి తెలుగు. స్ట్రెంగ్త్‌కి బలం, డెక్స్‌టెరిటీకి చురుకు, ఇంటెలిజెన్స్‌కి తెలివి, విజ్డమ్‌కి వివేకం, వీటికి పెద్దగా గొడవ పడలేదు. కాన్‌స్టిట్యూషన్‌కి (ఒంటి గట్టితనం) నేను 'దమ్ము' అన్నాను, ఇద్దరు 'ఓర్పు' అంటున్నారు, ఓర్పు అంటే సహనం కదా విషం తాగి తట్టుకునేవాడికి దమ్ము కావాలి అని నా వాదన, చర్చ పేజీలో ఇంకా నడుస్తోంది. ఛరిజ్మాకి (ఎదుటివాళ్లని ఆకట్టుకునే శక్తి) ఇప్పటిదాకా ఒక్క మంచి మాట దొరకలేదు, తడితే చెప్పండి, వికీలో మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది.