కంపెనీ ఫోనులో మా ఇంటి మాటలు

సోమవారం ఉదయం సమావేశంలో పదకొండు మంది ముందు మా మేనేజరు అడిగారు: "మేడమ్, అమ్మగారి బయాప్సీ రిపోర్టు వచ్చిందా? ఆ దిగులుతోనే ఈ నెల వసూళ్లు తగ్గినట్టున్నాయి."

ఆయన గొంతులో వెటకారం లేదు. అయినా నాకు చెమటలు పట్టాయి. బయాప్సీ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సెలవు చీటీలో 'ఇంట్లో పని' అని మాత్రమే రాశాను. శుక్రవారం రాత్రి చెల్లికి వాట్సాప్‌లో పెట్టడం తప్ప ఆ మాట ఇంకెక్కడా అనలేదు.

గుంటూరులో ఒక పురుగుమందుల కంపెనీకి ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ప్రత్తిపాడు, పెదనందిపాడు, వట్టిచెరుకూరు వైపు గ్రామాలు నావి. ఫోను, సిమ్ము కంపెనీ ఇచ్చినవే. మిరప రైతులు ముడుచుకుపోయిన ఆకును ఫోటో తీసి పంపుతారు. 2021లో నల్ల తామర పురుగు తోటలను తుడిచిపెట్టినప్పటి నుంచి పూతలో చిన్న నలుసు కనిపించినా అర్ధరాత్రి సందేశం వస్తుంది. వారి భయం నాకు అర్థమవుతుంది, అందుకే ఫోను ఎప్పుడూ ఆపను. నా సొంత ఫోను చెడిపోయాక కొత్తది కొనడం వాయిదా వేస్తూ వచ్చాను. ఆ నాలుగు నెలల్లో ఇంటి గ్రూపు, చెల్లి, అమ్మ డాక్టరు అందరూ ఈ నంబరులోకే చేరారు.

వాట్సాప్‌లో మాటలు మూడో మనిషి చదవలేడని నా నమ్మకం. 2016 ఏప్రిల్ నుంచి ప్రతి సందేశానికీ ఆ సంకేత రక్షణ (ఎన్‌క్రిప్షన్) ఉన్న మాట నిజమే. కానీ అది సందేశం ప్రయాణించే దారికి మాత్రమే కాపలా. చేరిన చోట తలుపు తీసి ఉంటే ఆ కాపలా ఏమీ చేయలేదు.

ఆ రాత్రి ఫోను సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరిచాను. 'ఈ పరికరం మీ సంస్థకు చెందినది' అని తెర అడుగున చిన్న అక్షరాల్లో మొదటి రోజు నుంచీ ఉంది. రోజుకు వంద సార్లు చూసే తెర, ఒక్కసారీ చదవలేదు. నోటిఫికేషన్లు చదివే అనుమతి ఏ యాప్‌కు ఉందో చూశాను, అనుమానించదగినది కనిపించలేదు. చివరికి వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' నొక్కాను, ఇదే ఖాతా ఇంకా ఏ కంప్యూటర్లలో తెరిచి ఉందో చూపే జాబితా అది. అక్కడ ఒక విండోస్ కంప్యూటర్ పేరు ఉంది. కింద సమయం: ఈరోజు సాయంత్రం 5.42. ఆ సమయానికి నేను పెదనందిపాడు దారిలో బస్సులో ఉన్నాను.

గూఢచర్యం ఏమీ కాదు. ఫోను నా చేతికి ఇవ్వకముందే, రైతుల ఆర్డర్లు నమోదు చేసుకోవడానికి ఆఫీసు కంప్యూటర్‌కు దాన్ని కలిపారు. ఆ తెర బిల్లులు రాసే బల్ల మీద రోజంతా తెరిచే ఉంటుంది. అటుగా వెళ్లే ఎవరికైనా మా ఇంటి గ్రూపు కనిపిస్తుంది. ఎవరో పనిగట్టుకుని చూశారని తెలిస్తే కోపమైనా వచ్చేది. అమ్మ ఆరోగ్యం నలుగురూ నడిచే దారిలో నాలుగు నెలలు అలా పడి ఉందని తెలిసినప్పుడు ఏడుపు వచ్చింది.

మా చిన్నాన్న కొడుకు ఇక్కడే కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాడు. వాడి దగ్గరకు వెళితే మొదట అన్న మాట, "అక్కా, నీ నియామక పత్రం తీయి." చివరి పేజీలో ఉంది: కంపెనీ ఇచ్చిన పరికరాలను కంపెనీ ఎప్పుడైనా పరిశీలించవచ్చు. కింద నా సంతకం.

వాడు చెప్పినదాన్నిబట్టి చట్టం మన ఆశ ఉన్నంత బలంగా లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. అయితే ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి, ప్రైవేటు యజమాని మీద నేరుగా ప్రయోగించడం అంత తేలిక కాదు. ఐటీ చట్టంలో అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడడం తప్పే, కానీ ఇక్కడ ఫోను యజమాని కంపెనీయే. నా సొంత ఖాతాలోకి దూరితే అది వేరే సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, ఉద్యోగ అవసరాలకు, నష్టం నుంచి కాపాడుకోవడానికి సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు యజమానికి ఇచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన నిబంధనలకు మాత్రం 18 నెలల గడువు పెట్టారు.

"మరి నాకు దిక్కేమిటి?" అన్నాను.

వాడు రొమేనియా ఉద్యోగి బార్బులెస్కు కేసు చెప్పాడు. ఖాతాదారులతో మాట్లాడడానికి యజమాని చెప్పి తెరిపించిన యాహూ మెసెంజర్‌లో అతను తమ్ముడితో, కాబోయే భార్యతో మాట్లాడాడని ఉద్యోగం తీసేశారు. 2017 సెప్టెంబరులో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం అతని పక్షాన నిలిచింది. నిఘా ఏ మేరకు ఉంటుందో, సందేశాల్లోని మాటలు కూడా చదువుతారో లేదో ముందుగా చెప్పకపోవడం అక్కడ ప్రధానమైంది. ఆ తీర్పు మన కోర్టులను కట్టుబడేలా చేయదు, కానీ నేను అడగవలసిన ప్రశ్న ఏమిటో దాని వల్ల తెలిసింది. చూడవచ్చా అని కాదు, ఏం చూస్తున్నారో నాకు చెప్పారా అని అడగాలి.

హెచ్‌ఆర్‌కు ఒక పేజీ ఉత్తరం రాశాను. ఈ ఫోనులో ఏమేమి కనిపిస్తాయి, ఎవరికి కనిపిస్తాయి, ఎంతకాలం దాస్తారు, నా కుటుంబ సందేశాలను ఎవరైనా స్క్రీన్‌షాట్ తీశారా అని అడిగాను. మేనేజరు మీద ఫిర్యాదుగా రాయలేదు. జవాబు కోసం తొమ్మిది రోజులు చూశాను. కంపెనీ తన ఫోన్లను అదుపు చేయడానికి వాటిలో పెట్టే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌కు యాప్‌ల జాబితా, ఫోను ఉన్న చోటు తెలుస్తాయట, దూరం నుంచే అంతా చెరిపేయగలదట, వాట్సాప్ మాటలు మాత్రం దానికి అందవట. బిల్లుల కంప్యూటర్‌ను నా ముందే లాగవుట్ చేశారు. ఇకపై ఆర్డర్లకు వేరే నంబరు ఉంటుందన్నారు.

ఈలోగా సొంత ఫోను కొన్నాను, నా పేరు మీద సిమ్ము తీసుకున్నాను. పాత ఫోనులో ఇంటి సంభాషణలు తీసేశాను గానీ, తమ్ముడు హెచ్చరించినట్టు రైతుల సందేశాల జోలికి పోలేదు. అవి కంపెనీ రికార్డులు, చెరిపితే తప్పు నాదవుతుంది. నేను ఊహించని చిక్కు బ్యాకప్‌ది. రోజూ తెల్లవారుజామున రెండింటికి సంభాషణలన్నీ కంపెనీ గూగుల్ ఖాతాలోకి వెళ్తున్నాయి. ఆ ఖాతా, ఆ సిమ్ము రెండూ చేతిలో ఉన్నవారు వేరే ఫోనులో పాత మాటలన్నీ తెరవగలరు. దాన్ని కూడా తొలగించమని రాసి తీసివేయించాను. బ్యాంకుకు ఇచ్చినది కూడా కంపెనీ నంబరే. ఉద్యోగం మానిన రోజు సిమ్ము తిరిగి ఇస్తే ఓటీపీలు ఎవరికి వెళ్తాయో తలచుకుని మర్నాడే శాఖకు వెళ్లి మార్పించుకున్నాను.

అమ్మ రిపోర్టు నా కొత్త ఫోనుకే వచ్చింది. చెల్లితో పంచుకున్నాను, ఇక్కడ రాయను.

స్క్రీన్‌షాట్ల ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. నిన్న రెండో ఉత్తరం ఇచ్చాను. అందినట్టు తేదీ వేయించి, సంతకం పెట్టించుకుని తెచ్చుకున్నాను.