ఆరు క్యావిటీలు, ఒక చిన్న కేబుల్

మా రెండు మీటర్ల బ్యాండు హామ్ రేడియో రిపీటర్, అంటే బలహీనమైన సిగ్నల్‌ను అందుకుని తిరిగి ప్రసారం చేసే కేంద్రం, 145.000 మెగాహెర్ట్జ్ మీద వింటుంది, అదే క్షణంలో 145.600 మీద ప్రసారం చేస్తుంది, ఈ రెండు పనులకూ ఒకటే యాంటెన్నా. 25 వాట్ల ప్రసారానికీ, రిసీవర్ పట్టుకోగలిగే 0.2 మైక్రోవోల్టుల బలహీనమైన సిగ్నల్‌కూ మధ్య తేడా లెక్కవేస్తే దాదాపు 165 డెసిబెళ్లు వస్తుంది. ఇందులో కొంత భారాన్ని రిసీవర్ తన సొంత వడపోతతో మోస్తుంది కానీ, 80 నుంచి 90 డెసిబెళ్ల వరకు డూప్లెక్సరే, అంటే ఒకే యాంటెన్నా మీద ప్రసారాన్నీ వినడాన్నీ వేరుచేసే ఫిల్టర్ల కూర్పే, మోయాలి, అదీ కేవలం 600 కిలోహెర్ట్జ్ ఎడంలో. అందుకే ఈ బ్యాండులో నడుము ఎత్తుండే ఆరు పెద్ద క్యావిటీలు (ఫిల్టర్లుగా పనిచేసే లోహపు గొట్టాలు) కావలసి వస్తాయి.

కొత్తవారు తడబడేది, మొదటిసారి నేనూ తడబడినది, నాచ్‌ను, అంటే క్యావిటీ అణచివేసే ఫ్రీక్వెన్సీని, ఎటు పెట్టాలన్న దగ్గర. రిసీవర్‌ను మొద్దుబార్చేవి రెండు. ఒకటి ట్రాన్స్‌మిటర్ నుంచి నేరుగా దూసుకొచ్చే క్యారియర్. దాన్ని రిసీవర్ వైపున్న మూడు క్యావిటీలు 145.600 దగ్గర అణచివేయాలి. రెండవది ట్రాన్స్‌మిటర్ తన క్యారియర్‌కు అటూ ఇటూ వెదజల్లే రొద. అది సరిగ్గా మనం వినే ఫ్రీక్వెన్సీ మీదే పడుతుంది కాబట్టి రిసీవర్ దగ్గర ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా పోదు. పుట్టిన చోటే, అంటే ట్రాన్స్‌మిటర్ వైపు క్యావిటీలలోనే, 145.000 దగ్గర దాన్ని ఆపాలి. ఏ వైపు క్యావిటీ అయినా తన ఫ్రీక్వెన్సీని పోనిచ్చి, ఎదుటి వైపు ఫ్రీక్వెన్సీని అణచాలన్నమాట.

ట్యూనింగ్‌కు జేబులో పట్టే చిన్న వీఎన్‌ఏ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత దాటుతుందో, ఎంత వెనక్కి వస్తుందో గీతగా చూపే పరికరం) వాడాను. దాని కొలత సుమారు 70 డెసిబెళ్ల లోతు వరకే నమ్మదగింది; కేబుళ్ల చివర 50 ఓమ్‌ల ఇంపిడెన్స్ స్థిరంగా ఉండాలని నేను తగిలించిన రెండు 6 డెసిబెళ్ల ప్యాడ్లు (సిగ్నల్‌ను తగ్గించేవి) అందులో మరో 12 తినేస్తాయి. మూడు క్యావిటీలను వరుసగా కలిపి 90 డెసిబెళ్ల నాచ్‌ను దీనితో వెదకడం వృథా ప్రయాస. కాబట్టి ఒక్కొక్క క్యావిటీని విడదీసి, ముందు పెద్ద కడ్డీతో పాస్‌ను (పోనిచ్చే ఫ్రీక్వెన్సీని), తర్వాత చిన్న ట్రిమ్మర్‌తో నాచ్‌ను సరిచేశాను. కడ్డీ కదిపితే నాచ్ కూడా కదులుతుంది, అందుకే ఈ వరుస. పాస్‌ను ఇన్సర్షన్ లాస్ (దాటేటప్పుడు పోయే సిగ్నల్) గీత చూసి పెట్టకూడదు. దాని శిఖరం గుండ్రంగా ఉండి ఎక్కడ ఆగాలో చెప్పదు. రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగివచ్చే సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పేది) గీత మాత్రం సూదిమొనలా దిగుతుంది. లాక్ నట్ బిగించినప్పుడల్లా గీత కాస్త జరుగుతుంది. ఆ జరుగుడును ముందే అంచనా వేసి అంతమేర పక్కకు పెట్టడం చేతికి అలవాటు కావడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. అన్నీ కలిపాక, ఒక వైపు కొలిచేటప్పుడు రెండో వైపు పోర్టుకు 50 ఓమ్‌ల లోడ్ తగిలించి, రిటర్న్ లాస్‌ను మాత్రమే చివరిగా సవరించాను. ఇన్సర్షన్ లాస్ ఒక్కో వైపు 1.5 డెసిబెళ్లు తేలింది. 25 వాట్లలో యాంటెన్నాకు చేరేది 18 వాట్లకు కొంచెం తక్కువ.

బల్ల మీద ఇంత చక్కగా కనిపించిన డూప్లెక్సర్ రిపీటర్‌లో పెట్టాక పరీక్షలో తప్పింది. ఒక కప్లర్ (లైన్‌లోకి కొద్దిపాటి సిగ్నల్ చేర్చే పరికరం) ద్వారా బలహీనమైన సిగ్నల్ పంపి, ట్రాన్స్‌మిటర్ ఆపి ఉన్నప్పుడు 12 డెసిబెళ్ల సినాడ్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టమో చెప్పే కొలత) వచ్చే స్థాయిని రాసుకున్నాను. ట్రాన్స్‌మిటర్ వేశాక అదే సినాడ్ రావడానికి సిగ్నల్‌ను 6 డెసిబెళ్లు పెంచవలసి వచ్చింది. అంటే దూరపు స్టేషన్లు నాలుగింతల పవర్ పెడితే తప్ప మునుపటిలా వినిపించవు. యాంటెన్నా తీసి దాని బదులు డమ్మీ లోడ్ (ప్రసారాన్ని వేడిగా మార్చేసే రెసిస్టర్) పెట్టినా తేడా తగ్గలేదు కాబట్టి తప్పు ఫీడ్‌లైన్‌లో లేదని తేలింది. అక్కడితో ఆగి ఆలోచించవలసింది పోయి, రెండు రాత్రులు క్యావిటీలనే తిప్పుతూ కూర్చున్నాను.

అనుకోకుండా ఒకసారి ట్రాన్స్‌మిటర్ నుంచి డూప్లెక్సర్‌కు వెళ్లే చిన్న కేబుల్‌ను చేత్తో పట్టుకోగా స్పీకర్‌లో రొద మారింది. అది ఒంటి అల్లిక షీల్డు ఉన్న కేబుల్. పైగా దాన్ని రిసీవర్ కేబుల్‌తో కలిపి నేనే ఒకే కట్టగా బిగించాను. డూప్లెక్సర్ అడ్డుకున్నదంతా ఈ పక్కదారిన లోపలికి వెళుతున్నది. వెండి పూత ఉన్న రెండు అల్లికల కేబుళ్లు వేసి, రెంటినీ ఎడంగా నడిపించగానే 6 డెసిబెళ్లు ఒకటి లోపుకు దిగాయి.

తర్వాత గంటసేపు ఆపకుండా ప్రసారం చేయించి మళ్లీ కొలిచాను. క్యావిటీల కడ్డీలు ఇన్వార్‌తో, అంటే 36 శాతం నికెల్ కలిసిన ఇనుముతో చేసినవి. వేడికి వాటి పొడవు దాదాపుగా మారదు. అయినా ట్రాన్స్‌మిటర్ వైపు మొదటి క్యావిటీ నాచ్ కొద్దిగా జరిగింది. ఆ ఒక్కదాన్ని వేడిగా ఉండగానే సరిచేసి నట్ బిగించాను.