టెన్త్ బ్యాచ్ సమ్మేళనంలో మాస్టార్ల సన్మానం ఎలా చేయాలి?

సంక్రాంతి దగ్గరపడితే ఆంధ్రలో, దసరా దగ్గరపడితే తెలంగాణలో టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులు మేలుకుంటాయి. టీషర్టుల రంగు, డీజే, భోజనాల మెనూ అన్నీ తేలాక చివర్లో ఎవరో అడుగుతారు, "సార్లకు శాలువాలు ఎన్ని తేవాలి?" అని. ఆ ప్రశ్నే ముందు రావాలి. అందులోనూ శాలువాల లెక్క కంటే సార్ల వయసు లెక్క ముఖ్యం.

సెప్టెంబర్ 5న పెట్టుకుంటే బాగుంటుందని కొందరంటారు. 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవం జరుగుతున్న రోజే కానీ, ఆ రోజు బడి ఉంటుంది. సర్వీసులో ఉన్నవాళ్లలో కొందరికి మండల, జిల్లా సభలుంటాయి. పెళ్లి ముహూర్తాలు లేని ఆదివారం చూసుకోవడం మేలు.

నెలన్నర ముందే జాబితా రాయండి. లెక్కల సారు, ఇంగ్లిషు సారు అందరికీ గుర్తుంటారు. జారిపోయేది డ్రిల్లు మాస్టారు, హిందీ పండిట్, క్రాఫ్టు టీచరు, గంట కొట్టిన అటెండరు. చిరునామాలు బడిలో దొరక్కపోతే మండలంలోని రిటైర్డ్ ఉద్యోగుల సంఘాన్ని అడగండి. పెన్షన్ పనుల మీద వాళ్లకు ఒకరితో ఒకరికి మాటలుంటాయి. కాలం చేసిన మాస్టారుంటే వారి భార్యనో భర్తనో పిలవండి. వేదిక మీద ఏం చేయబోతున్నారో ఫోన్లో ముందే చెప్పండి. జ్ఞాపిక మీద పేరు, ఇంటిపేరు మాత్రం వాళ్లతోనే సరిచూపించుకోవాలి. ప్రింటింగ్ షాపువాడు పంపిన నమూనాను గ్రూపులో పెడితే అందరూ దండం బొమ్మ పెడతారు, తప్పు ఎవరూ చూడరు.

ఇక ఆ రోజు సంగతి. ఆదివారం బడి మరుగుదొడ్లకు తాళం ఉంటుంది, మోటారు వేసేవాళ్లుండరు. ముందురోజే తాళంచెవి తీసుకుని ట్యాంకు నింపించండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కమోడ్ ఉన్న ఇల్లు దగ్గర్లో ఒకటి మాట్లాడి పెట్టండి. టెంట్ హౌస్ వేదికల మెట్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి, మాస్టార్లను కిందే, చేతులున్న కుర్చీల్లో కూర్చోబెట్టి మనమే వెళ్లి సన్మానించడం మంచిది. షుగరు ఉన్నవాళ్లు వేళకు తినాలి. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి పన్నెండున్నరకల్లా వాళ్ల ముందు విస్తరి పడాలి. పిలిచిన ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే ఆయన కోసం ఆగకండి, ఆయన వచ్చాక మాట్లాడతారు.

పదిహేను మంది మూడేసి నిమిషాలు మాట్లాడితేనే ముప్పావుగంట. అందరూ "మీరు లేకపోతే మేం లేం" అనే అంటారు. దాని బదులు ఏ తరగతిలో, ఏ పాఠం, అది ఇప్పుడెక్కడ పనికొస్తోందో చెప్పమనండి. "నన్ను గుర్తుపట్టారా సార్?" అని మాత్రం అడగొద్దు. ఏటా నలభై, యాభై మంది చొప్పున ముప్పై ఏళ్లు చెప్పినాయన అందరినీ ఎలా గుర్తుపెట్టుకుంటారు? పరీక్ష పెట్టినట్టవుతుంది. పేరు, ఊరు, టెన్త్ పాసైన సంవత్సరం పెద్ద అక్షరాలతో రాసిన బ్యాడ్జీ అందరి గుండెల మీదా ఉండాలి.

పాదపూజ ఈమధ్య మామూలైపోయింది. కొందరికి ఇబ్బంది, కొందరి మతానికి సరిపడదు. ముందే విడిగా అడగాలి, మైకులో కాదు.

చాలామంది మాస్టార్ల ఇళ్లలో బీరువాలో శాలువాలు, షోకేసులో మెమెంటోలు ఇప్పటికే నిండి ఉంటాయి. ఒక్కో విద్యార్థి అరపేజీ ఉత్తరం రాస్తే స్పైరల్ బైండింగ్ చేయించి ఇవ్వొచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఫోటో తీసి పంపితే ప్రింటు తీయించండి. టైపు చేసేవాళ్లు అక్షరాల సైజు 16 కంటే తగ్గించొద్దు. ఉత్తరాలకు గడువు కార్యక్రమానికి పదిరోజుల ముందే పెట్టండి, ఎలాగూ సగం మంది గడువు దాటాకే పంపుతారు.

డబ్బు మిగిలితే మాస్టారి పేరు మీద బడికి ఏదైనా ఇవ్వాలనుకుంటారు. ముందు హెచ్‌ఎంను కలవండి. ఎక్కువ మంది ఎంచుకునేది మంచినీళ్ల ఆర్వో. ఫిల్టర్లు క్రమం తప్పకుండా మార్చకపోతే అది మూలన పడుతుంది, దాని మీద మాస్టారి పేరు మాత్రం అలాగే ఉంటుంది. కనీసం మూడేళ్ల సర్వీసు ఖర్చు పక్కన పెట్టగలిగితేనే ఆర్వో. లేదంటే లైబ్రరీ పుస్తకాలు, వాలీబాల్ నెట్లు కొనండి.