వాడి ఊరు ఏదో నేనెట్ల చెప్పాలె

"మమ్మీ, ఆ ఊరు నీళ్ళల్ల మునిగిపోయింది కద, లేని ఊరి గురించి నేనెట్ల రాయాలె" అన్నడు మా చిన్నోడు. స్కూల్ల లోకల్ హిస్టరీ ప్రాజెక్ట్ ఇచ్చిండ్రు, ఎవరి ఊరి గురించి వాళ్ళు రాయాలంట. నేను కృష్ణ ఒడ్డు గురించి రాయమన్న, కొల్లాపూర్, సోమశిల దిక్కు మా అమ్మోళ్ళ ఊరు గురించి. వాడు రాయనన్నడు. "నేను పుట్టింది ఇక్కడ, హాఫ్ మూన్ బే నా ఊరు" అన్నడు, అంతే. అమెరికాల, కాలిఫోర్నియా సముద్రం ఒడ్డున మేముండే ఊరు అది.

ఆ రోజంతా నాకు మనసుల ఒకటే ఇది. కోపమా అంటే కోపం గాదు. ఎందుకంటే ఇదే మాట వానికి చెప్పింది నేనే. బడిల ఒక పిల్లగాడు "నువ్వు అసలు ఎక్కడోనివి" అని ఊకె అడుగుతుంటే ఏడ్చుకుంట వచ్చిండు, అప్పుడు "ఇది నీ ఊరేరా, గట్టిగ చెప్పు" అన్న. మళ్ళ తెలుగుల మాట్లాడనని మొండికేస్తే "మన ఊరు పాలమూరు, మర్చిపోకు" అంట. నాకు ఎప్పుడేది అవసరమైతే అప్పుడది చెప్పుకుంటొచ్చిన. పిల్లలు రెండూ గుర్తుపెట్టుకుంటరు.

కొత్తగ వచ్చిన మనోళ్ళు పిల్లల గురించి అడిగితే నేను చెప్పేది ఒకటే, ఇంట్ల తెలుగే మాట్లాడున్రి, ఊరి ముచ్చట్లు చెప్పున్రి, వారానికోసారి అమ్మమ్మ తాతలతోని వీడియో కాల్ చేయించున్రి అని. ఇప్పటికీ అదే చెప్త. కాకపోతే ఊరి ముచ్చట్లు అంటే ఏ ఊరియి అనేది ఇప్పుడు నాకే అర్థమైతలేదు.

వాడు ప్రాజెక్ట్ చేస్తుంటే పక్కన కూసొని చూసిన. ఈ ఊరిని ఒకప్పుడు స్పానిష్‌టౌన్ అనేటోళ్ళంట, ఇన్నేండ్ల నుంచి ఇక్కడ ఉండి నాకు తెల్వదు. 1853లో క్యారియర్ పిజన్ అనే ఓడ ఇక్కడికి దక్షిణాన రాళ్ళకు కొట్టుకొని పగిలిపోయింది, ఆ ఓడ పేరే ఆ జాగకు వచ్చింది, 1872లో అక్కడ 115 అడుగుల లైట్‌హౌస్ వెలిగించిండ్రు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి సముద్రం అంచున ఓషన్ షోర్ రైల్వే అని ఒక లైన్ ఏస్తుంటే 1906 భూకంపంల పట్టాలు, సామాను సముద్రంల పడ్డయి, అయినా కొంత నడిపి 1920లో మూసేసిండ్రు. మేం రోజూ కార్ల పోయే హైవే వన్ కొన్నిచోట్ల ఆ రైలు పోయిన దారి మీదనే ఉన్నదంట. ఇదంత చెప్తుంటే వాని మొఖం చూడాలె, సొంత ఇంటి ముచ్చట చెప్పినట్టే చెప్తున్నడు. నాకు సంతోషమైంది, లోపల కొంచెం కలుక్కుమన్నది కూడ.

తర్వాత ఒలోనీ ప్రజల గురించి చదివిండు. వేల ఏండ్ల నుంచి ఈ తీరంల బతికినోళ్ళు, 1769లో స్పెయిన్ వాళ్ళు ఈ దారిన వచ్చిండ్రు, ఆ తర్వాత ఒలోనీ వాళ్ళను ఊర్లకు ఊర్లు మిషన్లకు, అంటే చర్చి వాళ్ళు నడిపే స్థావరాలకు తీస్కపోయిండ్రు, రోగాలొచ్చి చాన మంది చచ్చిపోయిండ్రు. "మరి వాళ్ళ ఊర్లు ఏమైనయి" అని అడిగిండు. అప్పుడు చెప్పిన, శ్రీశైలం డ్యాం నిండుతదని 1981లో అమ్మమ్మోళ్ళను ఖాళీ చేయించిన ముచ్చట. రెండూ ఒకటే అని నేననను, కానీ వాడు పెన్ను పక్కన పెట్టి విన్నది ఈ ఒక్క ముచ్చటనే.

ఆ ముంపుల కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలల్ల వందకు పైగా ఊర్లు పోయినయి. కూడవెల్లి సంగమేశ్వరం గుడిని రాయి రాయి విప్పి అలంపూర్ల మళ్ళ కట్టిండ్రు. గుడికైతే గట్ల చేసిండ్రు. మా అమ్మోళ్ళు దూలాలు, దర్వాజ పీక్కొని ఎడ్లబండి మీద ఏసుకొని వచ్చిండ్రు, బొడ్రాయి అక్కడ్నే ఉండిపోయింది. ఆ దర్వాజనే ఇప్పుడు, ఊరు మునిగినంక వచ్చి ఉన్న కాలనీ ఇంటికి ఉన్నది, టేకుది, కింద గడప చెద పట్టి మార్చిండ్రు గానీ పైన చెక్కిన చిలుకలు అట్లనే ఉన్నయి, ఒకదాని ముక్కు విరిగిపోయింది, బండి మీదికెక్కించేటప్పుడు తాకిందని అమ్మ చెప్తది.

ఇంకో సంగతి. నేను పుట్టింది ఆ కాలనీల. ఆ ఊరు నేను కూడ చూడలే. కృష్ణ రేవుల పుట్టి ఎక్కింది, ఒడ్డు మీద పుచ్చకాయలు పండించింది, అంత అమ్మ నోట విన్నదే. నా కండ్లతోని చూడని ఊరిని నాది అనుకొని బతుకుతున్న, వాడు రోజూ నడిచే సముద్రపు ఒడ్డును వాడు నాది అంటే ఎట్ల కాదంట?

ఇక్కడి పోర్చుగీసు వాళ్ళను చూస్తే ఇంకో తీరు ఆలోచన వస్తది. అజోర్స్ దీవుల నుంచి తిమింగలాల వేటకు, వ్యవసాయానికి వచ్చినోళ్ళ మనుమలు, మునిమనుమలు వీళ్ళు. ఏటేటా షమరీటా పండుగ చేస్తరు, చిన్నపిల్లకు కిరీటం పెట్టి ఊరేగిస్తరు, వచ్చినోళ్ళందరికీ బీఫ్ సూప్, రొట్టె పెడ్తరు. మా పక్కింటి పెద్దాయనకు పోర్చుగీసు రాదు, సూప్ల ఏం ఏస్తరో మాత్రం ఆగకుండ చెప్తడు. మా తర్వాత రెండు తరాలకు గట్ల ఏదో ఒక్కటి మిగిలితే చాలా? ఒక్కోరోజు చాలనిపిస్తది. ఒక్కోరోజు, మాట పోయినంక అమ్మ చెప్పిన ముచ్చట్లు ఏ మాటల్ల బతుకుతయి అనిపించి నిద్రపట్టదు.

ప్రాజెక్ట్ల వాడు మా ఊరు పెట్టలే, నేను కూడ మళ్ళ అడగలే. కానీ మొన్న వీడియో కాల్ల అమ్మమ్మను వాడే అడిగిండు, నీళ్ళ అడుగున గోడలున్నయా అని. ఎండకాలం నీళ్ళు బాగ తగ్గితే పునాదులు తేల్తయి బిడ్డా అన్నది. అప్పట్నుంచి ఒకటే పట్టు, చూద్దాం పోదాం అని. స్కూలు ఒడిసేది జూన్ల, పైన వానలు పడి కృష్ణకు వరద వచ్చేది జూలై తర్వాత. ఆ సందుల పోవాలె. మా ఆయన ఎండలకు పిల్లగాడు తట్టుకోడు అంటున్నడు, టికెట్లు కూడ చాన రేటున్నయి. పోతే ఏమన్న కనబడ్తదా అని వాడు రోజూ అడుగుతున్నడు, ఈసారి నీళ్ళు ఎంత తగ్గుతయో చూడాలె నాన్నా అంటున్న.