పాస్ స్విచ్ అవసరమా?

మోటారు సైకిల్ హ్యాండిల్‌కు ఎడమవైపు, చూపుడు వేలికి అందేలా అమర్చే పాస్ స్విచ్‌ను నొక్కినంతసేపే హైబీమ్, అంటే హెడ్‌లైట్‌లో దూరం వరకు పడే కాంతి, వెలుగుతుంది. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది కనుక, ఇక ఈ స్విచ్ ఎందుకని మిత్రులు అడుగుతుంటారు. నాకు మాత్రం అది కావాలి. విజయవాడ రహదారిపై లారీని దాటబోయేటప్పుడు, ఇంజను హోరులో హారన్ వినిపించని డ్రైవరుకు అద్దంలో రెండుసార్లు మెరిసే వెలుగైనా కనిపిస్తుంది. చిక్కల్లా దాని అర్థంలోనే ఉంది: మన దగ్గర ఎదుటివాడు లైటు కొడితే ‘ఆగు, నేను వస్తున్నాను’ అని, బ్రిటన్‌లో చాలామంది అదే సైగను ‘ముందు మీరు వెళ్లండి’ అనే మర్యాదగా వాడతారు. ఆ స్విచ్ లేని నా పాత బండి మీద, హైబీమ్‌కూ దగ్గరి వెలుగుకూ మార్చే డిప్పర్‌నే బొటనవేలితో పైకీ కిందికీ నొక్కేవాణ్ణి. ఒక్కోసారి అది హైబీమ్‌లోనే ఉండిపోయి, ఎదురుగా వచ్చేవారి చేత తిట్లు తినిపించేది.