కూర్చుని చూడకుండా బెంచీ గురించి ఏం చెప్పగలం?

కొత్త బెంచీలు, దీపస్తంభాలు, కూడలిలో ఒక శిల్పం పెట్టబోతున్నామని చెప్పి, వాటి నమూనాల మీద మా వీధివాళ్ల అభిప్రాయం అడిగిన సాయంత్రం నేనూ వెళ్లాను. గోడకు మూడు పెద్ద బొమ్మలు తగిలించి, నచ్చినదాని కింద ఆకుపచ్చ చుక్క, నచ్చనిదాని కింద ఎర్ర చుక్క అంటించమన్నారు. బొమ్మలు అందంగానే ఉన్నాయి. మూడింటిలోనూ ఎండ వాలిన వేళ, పొడిగా ఉన్న నేల, చకచకా నడిచిపోతున్న పడుచువాళ్లు. చేతికర్రతో వచ్చిన ఒక పెద్దావిడ రెండో బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "కూర్చోవడం సరే బాబూ, మళ్లీ లేవాలంటే దేన్ని పట్టుకోవాలి?" అని అడిగారు. ఆ బెంచీకి చేరగిలబడే వెనక పలక లేదు, చేతిపిడులూ లేవు. అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు, రాసుకోనూ లేదు. ఆవిడ ఏ చుక్కా అంటించకుండానే వెళ్లిపోయారు కాబట్టి, లెక్కలో ఆవిడ ఆ సాయంత్రం రానట్టే.

అప్పటినుంచి నా మనసులో ఉన్న మాట ఇది: నివాసుల అభిప్రాయం అడగడం మంచిదే గాని, "ఇది మీకు నచ్చిందా?" అన్నది అడగవలసిన మొదటి ప్రశ్న కాదు. ఈ వీధిలో మీరు ఎక్కడ ఆగుతారు, ఎంతసేపు నిలబడతారు, చీకటి పడ్డాక ఏ మలుపు దగ్గర భయమేస్తుంది, బరువు మోస్తూ వచ్చినప్పుడు ఎక్కడ దించుకోవాలనిపిస్తుంది అని ముందుగా అడగాలి. ఆ సంగతులు రోజూ నడిచేవాళ్లకే తెలుసు. బొమ్మ గీసేవాళ్లు ఎంత నేర్పరులైనా, అడిగితే తప్ప వాళ్లకు తెలిసే దారి లేదు.

బెంచీనే తీసుకుందాం. నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున్న పీట చాలామందికి సుఖంగా ఉంటుంది. అంతకంటే బాగా కిందికి ఉంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చోగలరే గాని లేవలేరు. ఇనుప రేకు బెంచీ బొమ్మలో మెరుస్తుంది. మధ్యాహ్నం ఎండలో దాని మీద చెయ్యి కూడా ఆనించలేము. చెక్క అంత కాలదు గాని, ఏటేటా దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఇక బెంచీ మధ్యలో పెట్టే చేతిపిడి సంగతి మరీ చిక్కైనది. ఆ పెద్దావిడ లేవడానికి అదే ఆధారం. నిలువ నీడ లేని మనిషిని రాత్రి అక్కడ పడుకోనివ్వకుండా చేయడానికి పెట్టేదీ అదే. లండన్‌లోని కామ్డెన్‌లో 2012లో పెట్టిన కాంక్రీటు బెంచీలను, వాటి మీద ఎవరూ పడుకోకుండా, స్కేట్‌బోర్డులతో ఆడకుండా, అన్ని వైపులా వాలుగా మలిచారు. అలాంటి రూపం వెనక ఒక నిర్ణయం ఉంటుంది: ఈ వీధి ఎవరిది, ఎవరిది కాదు అని. ఆ నిర్ణయాన్ని నివాసుల ముందు పెట్టి అడగాలే తప్ప, రంగులూ వంపులూ చూపించి వాటి చాటున దాటించకూడదు. నా మటుకు, పిడిని రెండు చివర్లా పెట్టి మధ్య భాగం ఖాళీగా వదిలేయమంటాను. దానికి ఒప్పుకోనివాళ్లు మా వీధిలోనే ఉన్నారని తెలుసు. వాళ్లతో ఎదురుగా మాట్లాడటం నాకు ఇష్టమే.

మనుషులు నోటితో చెప్పేదీ, అక్కడికి వెళ్లి చేసేదీ ఒకటి కాకపోవచ్చు. విలియం వైట్ అనే పరిశీలకుడు 1970లలో న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ ఎంతసేపు ఉంటున్నారో ఓపికగా లెక్కవేశాడు. కూర్చునే చోటు ఎక్కువున్న కూడళ్లకే జనం ఎక్కువ వస్తున్నారని తేల్చాడు. కదిలే కుర్చీ దొరికినప్పుడు, అవసరమున్నా లేకపోయినా, మనిషి దాన్ని ఒక జానెడు జరిపి గాని కూర్చోడన్నది ఆయన గమనించిన చిన్న విషయం. ఆ జానెడు జరుపుకోవడంలోనే "ఈ చోటు నాది" అన్న భావం ఉందని నాకనిపిస్తుంది. ఆయన పరిశీలన ఊరకే పోలేదు. 1975లో ఆ నగరం కూడళ్లలో ఇంత మేర కూర్చునే చోటు ఉండి తీరాలని నియమం పెట్టింది.

శిల్పం విషయంలో లెక్క వేరు. బెంచీ పనికొస్తుందో లేదో వారంలో తెలుస్తుంది, శిల్పం నచ్చడానికి ఏళ్లు పట్టవచ్చు. ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో ఆంటొనీ గోర్మ్లీ చేసిన 'ఏంజెల్ ఆఫ్ ద నార్త్' 1998లో నిలబడటానికి ముందు స్థానికుల వ్యతిరేకత గట్టిగానే ఉండేది. 20 మీటర్ల ఎత్తు, 54 మీటర్ల రెక్కలున్న ఆ ఉక్కు విగ్రహానికి, నిలబెట్టిన కొన్ని నెలలకే, ఫుట్‌బాల్ అభిమానులు తమ జట్టు ఆటగాడి చొక్కాను కుట్టించి తొడిగారు. మనదనుకోని వస్తువుకు ఎవరూ చొక్కా తొడగరు.

అయితే కాలం గడిస్తే అందరూ అలవాటు పడతారులే అనుకోవడమూ తప్పే. రిచర్డ్ సెర్రా 1981లో న్యూయార్క్‌లో ప్రభుత్వ కార్యాలయాల ముందరి ఆవరణలో 'టిల్టెడ్ ఆర్క్' అనే ఉక్కు గోడను నిలిపాడు. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు. రోజూ ఆ ఆవరణ దాటి పనికి వెళ్లేవాళ్లు దాన్ని చుట్టి వెళ్లవలసి వచ్చింది. 1985లో బహిరంగ విచారణ జరిపితే 180 మంది మాట్లాడారు; 122 మంది ఉంచాలన్నారు, 58 మంది తీసేయాలన్నారు. అయినా 1989లో దాన్ని ముక్కలుగా కోసి తీసేశారు. ఆ చోటు కోసమే చేసిన పనిని అక్కడినుంచి కదిలిస్తే అది నాశనమైనట్టేనని శిల్పి చివరిదాకా వాదించాడు. నాకు ఇద్దరి బాధా అర్థమవుతుంది. ఆ విచారణ నిలబెట్టాక నాలుగేళ్లకు కాకుండా, నిలబెట్టడానికి ముందే జరిగి ఉంటే, ఆ నడిచేవాళ్ల దారి ఎటు పోతుందో శిల్పి కళ్లారా చూసి ఉంటే, గోడ మరో వంపు తిరిగేదేమో.

పిలిచినా రానివాళ్ల సంగతీ చూడాలి. ఆ సాయంత్రం పిల్లలు లేరు, వీధి ఊడ్చేవాళ్లు లేరు, చూపు లేనివాళ్లు లేరు. చూపు లేనివాళ్లు దారి పోల్చుకునేందుకు నేల మీద పరిచే, కాలికి తగిలే గుబ్బల పలకలను సెయిచి మియాకే 1965లో జపాన్‌లో రూపొందించాడు. అవి ఇవాళ ఎన్నో దేశాల కాలిబాటల మీద కనిపిస్తాయి. అలాంటి పలకల వరుస మీదే కొత్త చెత్తబుట్టను పెట్టినట్టు మా మూడో బొమ్మలో ఉంది. చేతికర్రతో తడుముకుంటూ నడిచే మనిషి ఒక్కరు అక్కడ ఉన్నా ఆ తప్పు నిమిషంలో బయటపడేది.

వచ్చే సమావేశానికి ఇరుగుపొరుగు కొందరం కలిసి ఒక అర్జీ రాస్తున్నాం. చెక్కతోనైనా సరే, అసలు కొలతల్లో ఒక బెంచీ చేసి నెల రోజులు వీధిలో ఉంచమని, ఎవరు ఎంతసేపు కూర్చున్నారో, ఎవరు కూర్చోకుండా వెళ్లిపోయారో రాసిపెట్టమని అడుగుతున్నాం. శిల్పి ఎవరైనా సరే, రూపం తేల్చుకునే ముందు ఒక రోజంతా, తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా, కూడలిలో గడపమంటున్నాం. చుక్కల కాగితం పక్కన ఒక తెల్ల కాగితం కూడా పెట్టమని నేను చేర్చాను. పెద్దావిడ ఇంటికి వెళ్లి ఆవిడ ప్రశ్నను ఆవిడ మాటల్లోనే అర్జీలో మొదటి వాక్యంగా రాసుకొచ్చాను.