కాంక్ గ్రామం కాపాడుకున్న సంపద

బెంగళూరులోని మా తెలుగు మిత్రులతో లేపాక్షి శిల్పాల గురించి మాట్లాడినప్పుడల్లా, దక్షిణ ఫ్రాన్స్‌లో కొండవాలున ఉన్న కాంక్ గ్రామం నా తలపుకు వస్తుంది. స్పెయిన్‌లోని సాంతియాగో క్రైస్తవ పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్లే యాత్రికులకు మజిలీగా ఎదిగిన ఈ ఊరిలో, 11, 12 శతాబ్దాలలో సెంత్ ఫ్వా అనే క్రైస్తవ పునీతురాలి పేరిట నిర్మించిన చర్చి ద్వారంపై, దేవుడు మనుషులను స్వర్గానికో నరకానికో పంపే అంతిమ తీర్పు దృశ్యం చెక్కి ఉంది. స్వర్గం కన్నా నరకాన్నే శిల్పులు ఎక్కువ ఉత్సాహంతో మలిచారని నాకనిపిస్తుంది. ఫ్రెంచి విప్లవకాలంలో, బంగారు రేకులు తాపి రత్నాలు పొదిగిన సెంత్ ఫ్వా విగ్రహం వంటి నిధులను ఊరివారే దాచి, మూసలో కరిగిపోకుండా కాపాడారు. పేరు తెలియని ఆ గ్రామస్థులకే నా మొదటి నమస్కారం. శిథిలమవుతున్న చర్చిని 1837లో చూసిన చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి ప్రాస్పెర్ మెరిమే దాని రక్షణకు పూనుకున్నారు. 1994లో చిత్రకారుడు పియర్ సులాజ్ రూపొందించిన రంగులేని గాజు కిటికీలు అక్కడ కొలువుదీరాయి. ప్రాచీనమైన ఆ రాతికి అవి ఎంతో చక్కగా అమరాయి.